డిప్పన్న ఆఖరి కేక

నూకరత్నానికి నలభై తొమ్మిదేళ్లు. ఆవిడ గొంతుకి ఏడేళ్లు.

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఆవిడుండే వీధిలో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. కూరగాయల బండి దగ్గర "ఈ బెండకాయలు ముదిరిపోయాయి కదా" అని సన్నటి గొంతు వినబడితే, కొత్త బండివాడెవడైనా ముందు కిందకి చూసేవాడు, ఏ పాప వచ్చి నిలబడిందా అని. తలెత్తితే చెంపలు నెరిసిన మనిషి, కళ్లద్దాలు, భుజాన గుడ్డసంచీ. బ్యాంకుకి ఫోను చేస్తే "పాపా, ఫోను అమ్మకియ్యమ్మా" అనేవారు. అందుకని ఆ ఇంట్లో ఫోను పనులన్నీ కూతురు హిమజ నెత్తిన పడ్డాయి. ఎనిమిదో ఏటినుంచీ గ్యాసువాళ్లతో, కరెంటాఫీసుతో ఆ పిల్లే మాట్లాడేది. ఒకసారి తన బడి టీచరుకే ఫోను చేసి "నేను హిమజ వాళ్లమ్మనండి, పాపకి జ్వరం" అంటే ఆవిడ నమ్మింది. పక్కనుంచి అసలు అమ్మ "నిజంగానే జ్వరమండీ" అంటే మాత్రం "వెనకాల ఎవరా అల్లరిపిల్ల?" అని విసుక్కుంది.

ఆ గొంతు డిప్పన్నది.

డిప్పన్న ఒక తాబేలు పిల్ల. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్న టీవీలో వచ్చే కార్టూను. ఇసకలో అన్ని గుడ్లకంటే ఆఖర్న పగిలిన గుడ్డులోంచి బయటికొచ్చి చూస్తే అన్నల్లేరు, అక్కల్లేరు, అమ్మ అసలే లేదు. అప్పట్నుంచీ వాళ్లమ్మని వెతుక్కుంటూ సముద్రమంతా తిరుగుతున్నాడు. పీతల్ని అడుగుతాడు, ఓడల్ని అడుగుతాడు, ఒకసారైతే తుఫానునే నిలబెట్టి అడిగాడు. ప్రతి ఎపిసోడ్ చివరా ఒక అల మీదకెక్కి "అమ్మోవ్! వస్తన్నా!" అని కేకేస్తాడు. మొదట్లో ఆ కేక విని పెరిగిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వింటున్నారు.

మొదటి నాలుగేళ్లు రత్నం ఆ గొంతుని నటించేది. హిమజ పుట్టాక గొంతు మెల్లిగా బరువెక్కింది. ఎంత సన్నగా పలికినా ఎక్కడో ఒక జీర. పిల్లలు పట్టేశారు. 'డిప్పన్నకి జలుబు చేసిందా? మిరియాల పాలు తాగమనండి' అని ఉత్తరాలు రాశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పెదవాల్తేరులో ఒక చిన్న పరిశోధనశాలలో డాక్టర్ మెహరున్నీసా అనే యువతి, గొంతు ఆపరేషన్లయిన పిల్లల కోసం ఒక మందు తయారుచేస్తోంది. జిగురులాంటి మందు. పేరు 'నిలకడ'. సన్నటి సూదితో గొంతులోని స్వరతంత్రులకి ఎక్కిస్తే వాటికి వయసు రావడం ఆగిపోతుంది, అప్పటికే వచ్చిన వయసు కూడా మెల్లిగా వెనక్కి పోతుంది. పెద్దవాళ్లెవరి మీదైనా ముందు వేసి చూడాలి. రత్నం తనంతట తానే వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఆర్నెల్లకొక డోసు. నాలుగో డోసుకల్లా ఇక నటించాల్సిన అవసరం లేకపోయింది. నోరు తెరిస్తే డిప్పన్నే.

దానివల్ల పోగొట్టుకున్నవి మొదట చిన్నవే. కోపమొచ్చి మొగుణ్ని తిడితే ఆయన నవ్వేవాడు. జగ్గారావు తప్పేం లేదు. చేపల రేవులో ఐస్ ఫ్యాక్టరీ నడిపే మనిషి, మోటార్ల హోరులో బతికేవాడు, ఇంటికొస్తే ఏడేళ్ల పిల్ల "మీకసలు బుద్ధుందా" అంటోంది. ఎవరికైనా నవ్వొస్తుంది.

పెద్దది ఒకటే. తొమ్మిదేళ్ల కిందట రత్నం తల్లి పోయింది. తలాపున కూర్చుని "అమ్మా" అని గొంతెత్తగానే, ఏడుస్తున్న వాళ్లంతా చటుక్కున ఆగి చూశారు. గుమ్మంలో ఎవరో "అరె, డిప్పన్న" అన్నారు. ఇంకెవరో నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. రత్నం నోరు మూసేసుకుంది. ఆ తర్వాత మళ్లీ పైకి ఏడవలేదు.

*

జనవరి ఆఖర్లో, డోసుకి వారం ముందు, మామూలు పరీక్షకి వెళ్లింది. మెహరున్నీసాకి ఇప్పుడు యాభై దాటాయి. ముక్కులోంచి సన్నటి కెమెరా తీగ దింపి "ఆ అనండి" అంది. తెర మీద రెండు తెల్లటి పొరలు, లేత కొబ్బరి ముక్కల్లా, వణుకుతూ కనబడ్డాయి. డాక్టరు చాలాసేపు చూసింది. మళ్లీ అనమంది. మళ్లీ చూసింది. తీగ బయటికి తీసి చేతి తొడుగులు విప్పి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రత్నంగారూ, వయసు రావడమనేది ఒంట్లో కణాలకి అందే కబురులాంటిది. నిలకడ ఆ కబురు చేరకుండా తలుపు మూస్తుంది. ఆర్నెల్లకి మందు అరిగిపోతుంది, తలుపు తెరుచుకోబోయేలోగా మళ్లీ వేస్తున్నాం. ఇన్నాళ్లూ అలాగే జరిగింది. ఈసారి మందు పూర్తిగా అరగడం లేదు. తలుపు బిగుసుకుపోతోంది."

"అంటే?"

"ఇంకొక్క డోసు వేస్తే ఇక తెరుచుకోదు. డెబ్బై ఏళ్లొచ్చినా మీ గొంతు ఇదే. ఇప్పుడు ఆపేస్తే మూడు నాలుగు వారాల్లో దిగుతుంది. ఏ గొంతు వస్తుందో నాకూ తెలీదు." డాక్టరు విప్పిన తొడుగుల్ని ఉండచుట్టింది. "మూడేళ్ల కిందటే అనుమానమొచ్చింది నాకు. చెబితే మీరు మానేస్తారేమో, నా పరిశోధన మధ్యలో ఆగిపోతుందేమోనని... తప్పు చేశానండి. మీరు ఏం తిట్టినా పడతాను."

రత్నం ఆవిడ మొహంలోకి చూసింది. తిట్టాలనే ఉంది. కానీ ఈ గొంతుతో తిడితే ఏం బాగుంటుంది?

"మీ మందుతో ఎంతమంది పిల్లలకి మాటొచ్చింది డాక్టరమ్మా?"

"నాలుగొందల పైన."

"వాళ్లకీ ఇలాగే బిగుసుకుపోతుందా?"

"లేదు. వాళ్లకి రెండే డోసులు. మీ సంగతి తెలిశాక వాళ్ల జాగ్రత్తలు మార్చాం."

"అయితే సరే. మీరు చెప్పాల్సింది మూడేళ్లు ఆలస్యంగా చెప్పారు. నేను ఇంటికెళ్లి ఆలోచించుకుంటాను" అని సంచీ భుజానికి తగిలించుకుంది.

*

ఆలోచించుకోవడానికి సమయం ఎక్కువ లేదు. డిప్పన్నని ముగించేస్తున్నారు. కార్టూనుకి ప్రాణం పోసిన భానోజీరావు మేష్టారికి అరవై ఎనిమిది దాటాయి. "నా చేతులు బాగున్నప్పుడే వాణ్ని ఇంటికి చేర్చాలి" అని ఆయన పట్టుబడితే, ఛానెలు వాళ్లు గంటన్నర సినిమా తీయడానికి ఒప్పుకున్నారు. వేసవి సెలవుల మొదటి ఆదివారం ప్రసారం. కార్టూనులో ముందు గొంతు రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మలు గీస్తారు. సినిమా అంతా డిసెంబరులోనే రికార్డయింది, చివరి ఎనిమిది నిమిషాలు తప్ప. మేష్టారికి ముగింపు కుదరడం లేదు.

మధురవాడ కొండ మీది స్టూడియోకి రత్నం వెళ్లేసరికి ఆయన నేల మీద కాగితాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"నాలుగోది కూడా చింపేశాను డిప్పా" అన్నాడు. ఆవిణ్ని ఆయన పిలిచే పేరదే. "పిల్లలంతా అమ్మ దొరకాలంటున్నారు. నేనూ అదే అంటున్నాను. కానీ ఎలా గుర్తుపడతారు చెప్పు? తల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోయింది. వాడు ఆవిణ్ని చూడలేదు, ఆవిడ వాణ్ని చూడలేదు. ఏదో పుట్టుమచ్చ పెట్టి కలిపేస్తే పిల్లలు నన్ను క్షమించరు."

రత్నం డాక్టరు చెప్పిన సంగతంతా చెప్పింది. మేష్టారు చేతిలో పెన్సిలు కింద పెట్టేశాడు.

"నేను మాత్రం వేయించుకోమనను" అన్నాడు. "వేయించుకోవద్దని కూడా అనలేను. ఛానెలు వాళ్లు అడుగుతారు. వాళ్లకి నువ్వే చెప్పుకో."

ఛానెలు తరఫున హైదరాబాదు నుంచి ఒకావిడ వీడియో కాల్లో తెర మీదకొచ్చింది. "ఒక్క డోసే కదా మేడం. పద్దెనిమిదేళ్లుగా వేసుకుంటున్నదే. కోట్లమంది పిల్లలు ఎదురుచూస్తున్నారు" అంది. రత్నం గట్టిగానే, తన వయసుకి తగ్గ గాంభీర్యం తెచ్చుకుని, "ఇది నా ఒంటికి సంబంధించిన విషయమండీ. మీరు తొందరపెట్టకండి" అంది. ఆవిడ మొహమంతా నవ్వు పరుచుకుంది. "అబ్బ, ఎంత ముద్దుగా అన్నారో" అంది.

రత్నం తెర ఆపేసింది. మిషనుతో గొంతు పుట్టించే దారి కూడా లేదు. పిల్లల్ని తల్లుల గొంతులతో ఫోను చేసి మోసం చేసిన కేసులు పెరిగాక, పిల్లల కార్యక్రమాల్లో మిషను గొంతు వాడకూడదని చట్టం వచ్చి పదేళ్లయింది.

*

ఇంటి దగ్గర సాయంత్రం జగ్గారావు తెచ్చిన రొయ్యలు ఒలుస్తూ ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. హిమజ నర్సింగు రెండో ఏడు. కాలేజీ బట్టలైనా మార్చుకోకుండా నేల మీద బాసింపట్టు వేసుకుంది.

జగ్గారావు అంతా విని ఇంకో రెండు రొయ్యలు ఒలిచాడు. తర్వాత అన్నాడు, "ఒక మాట చెబుతాను, కోప్పడకు. నీ పాత గొంతు నాకు గుర్తు లేదు రత్నం. ఆరేళ్లు విన్నాను కదా పెళ్లయ్యాక. ఎంత ఆలోచించినా రావట్లేదు. ఏదో తప్పు చేసినట్టుంది."

"నాకూ గుర్తు లేదండీ" అంది రత్నం.

"కొత్త గొంతు ఎలా ఉంటుందోనని భయంగా లేదా?"

"ఉంది. అది దిగాక నన్ను ఎవరైనా డిప్పన్న అని పిలుస్తారా అని కూడా ఉంది. పిల్లలు వీధిలో వెంటబడి వస్తారు కదా, అది బాగుంటుంది నాకు. అబద్ధమెందుకు చెప్పాలి?"

హిమజ రొయ్యల గిన్నె పక్కకి జరిపింది.

"నేనొకటి చెప్పనా అమ్మా. నీ బదులు అందరితో నేనే మాట్లాడాను. నీళ్ల ట్యాంకరువాడితో నేనే దెబ్బలాడాను. నాన్న మీద నీకొచ్చిన కోపం కూడా నేనే పడ్డాను. పన్నెండేళ్లయింది. నాకు విసుగొచ్చి అనడం లేదు. నీ కోపం నువ్వు పడితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

రత్నం లేచింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోను తీసి మేష్టారికి చేసింది.

"మందు వేయించుకోను మేష్టారూ. గొంతు ఉన్నన్నాళ్లూ రోజూ వస్తాను. మీరు రాస్తూ ఉండండి. ఏది రాస్తే అది పలుకుతాను."

అవతల్నుంచి "సరే డిప్పా" అని వినబడింది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

*

పన్నెండు రోజులు పరుగులే పరుగులు. పొద్దున్నే మేష్టారు కొత్త కాగితాలు చేతికిచ్చేవాడు. రత్నం గాజుగదిలో మైకు ముందు నిలబడి పలికేది. సౌండు ఇంజనీరు డేవిడ్ అద్దం అవతల్నుంచి బొటనవేలెత్తేవాడు. మధ్యాహ్నానికి మేష్టారు "కాదు, ఇది కాదు" అని చింపేసేవాడు. ఒక ముగింపులో తిమింగలం అడ్రసు చెప్పింది. ఇంకోదాంట్లో తల్లి మెడలో శంఖం ఉంది. ఒకదాంట్లో తల్లి అసలు దొరకలేదు. అది చదివి డేవిడే "వద్దు సార్, మా పాప నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

పదమూడో రోజున రత్నం "అమ్మా, నేనే..." అనబోయింది. మాట మధ్యలో గొంతు జారింది. తుప్పుపట్టిన గేటు తెరిచినట్టు ఒక కీచు, దాని కింద ఏదో బొంగురు. డేవిడ్ చెవుల మీదనుంచి హెడ్‌ఫోన్లు తీసేశాడు. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు.

మేష్టారు గాజుగదిలోకి వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "చాలమ్మా" అన్నాడు. ఆ రోజు డిప్పా అనలేదు.

మెహరున్నీసా తెర మీద చూసి, లేత కొబ్బరి ముక్కలు ఎర్రబడి ఉబ్బాయని చెప్పింది. "తలుపు తెరుచుకుంటోంది. రెండు వారాలు ఒక్క మాట మాట్లాడకండి. గుసగుస కూడా వద్దు." పద్దెనిమిదేళ్లుగా తనకి రావాల్సిన కబురంతా ఒక్కసారి వచ్చిపడుతోందని రత్నానికి నవ్వొచ్చింది. నవ్వు కూడా చప్పుడు లేకుండానే నవ్వింది.

ఆ పద్నాలుగు రోజులూ ఇల్లు విచిత్రంగా ఉండేది. సైగలు, చీటీలు. 'ఉప్పు ఎక్కువైందా?' అని రాసి చూపిస్తే జగ్గారావు కూడా మాట్లాడకుండా చేత్తో సైగ చేసేవాడు. "నువ్వు మాట్లాడొచ్చు నాన్నా" అని హిమజ గుర్తుచేసేది. స్టూడియోలో బొమ్మలు గీసేవాళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఛానెలు వాళ్లు తేదీ మార్చేది లేదన్నారు. మార్చి మొదటి వారం వచ్చేసింది. రత్నానికి రాత్రిళ్లు నిద్ర పట్టినా, తెల్లారి లేవగానే ముందు గుర్తొచ్చేది అల మీద నిలబడి నోరు తెరుచుకుని ఆగిపోయిన ఆ తాబేలు పిల్లే.

పదిహేనో రోజు పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి చూస్తోంది. జగ్గారావు స్నానానికి వెళ్తూ "పాలు చూడు" అనే వెళ్లాడు. పాలు పొంగాయి.

"అయ్యో, పాలు పొంగిపోయాయి!"

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. తలుపు సందులోంచి జగ్గారావు సబ్బు నురగతో తల బయటపెట్టాడు. "అదేటి, అత్తయ్యగారు ఎప్పుడొచ్చారు?" అన్నాడు.

అని, అక్కడే ఆగిపోయాడు. అత్తగారు పోయి తొమ్మిదేళ్లు.

రత్నం పొయ్యి కట్టేసింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది. మెల్లిగా, తనకి తాను వినడానికి, ఇంకోసారి అంది, "పాలు పొంగిపోయాయి." అచ్చం అమ్మే. అడుగున కొంచెం ఇసక రాపిడి, చివర్న చిన్న విరుపు. వంటింట్లో నిలబడి పక్కింటివాళ్లని పిలిచేటప్పటి అమ్మ గొంతు. అదెక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ తన గొంతు వెనకాల తలుపు అవతల నిలబడి ఉంది.

"అమ్మా" అంది రత్నం. అని ఏడ్చింది. పెద్దగా, వీధిలోకి వినబడేలా, నలభై తొమ్మిదేళ్ల మనిషి ఏడ్చినట్టే ఏడ్చింది. హిమజ నిద్రలేచి పరుగెత్తుకొచ్చి, ఎవరో ముసలావిడ పడిపోయిందనుకుని, తల్లిని చూసి, ఏమీ అడక్కుండా పట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. జగ్గారావు నురగ కళ్లలోకి కారుతున్నా అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి రత్నం కళ్లు తుడుచుకుని, "ఆ తల కడుక్కోండి ముందు" అంది. ఆయన గబుక్కున లోపలికెళ్లిపోయాడు.

*

ఆ రోజే మధురవాడ వెళ్లింది. మేష్టారు కొత్త గొంతు విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, పెద్దావిడెవరో వచ్చినట్టు. తర్వాత మళ్లీ కూర్చుని, "బాగుందమ్మా. కానీ మన పని మాత్రం మునిగింది" అన్నాడు.

"మునగలేదు మేష్టారూ. మా అమ్మ పోయిన రోజు నేను 'అమ్మా' అంటే గదిలో ఆడవాళ్లంతా తిరిగి చూశారు. ఇన్నేళ్లూ అదొక అవమానంలా మోశాను. ఇవాళ బస్సులో వస్తూ ఆలోచించాను. నవ్వింది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు నవ్వడానికి చూడలేదు. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోందని చూశారు. సంతలో ఏ పిల్ల 'అమ్మా' అన్నా తన పిల్ల కాకపోయినా నలుగురు తిరుగుతారు కదా?"

మేష్టారు పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వేలకి వేలు ఒకేసారి ఒడ్డుకొస్తాయని మీరే గీశారు మూడో ఏడు. డిప్పన్న ఆ ఒడ్డుకి చేరతాడు. ఇసక కనబడకుండా తల్లులు. ఎవరు తన తల్లో వాడికి తెలీదు. వాళ్లకీ తెలీదు. వాడు తన కేక వేస్తాడు. అప్పుడు..."

"అందరూ తిరుగుతారు" అన్నాడు మేష్టారు. "వెయ్యి తలలు. ఒక్కసారి." పెన్సిలు అప్పటికే కాగితం మీద పరుగెడుతోంది.

కేకకి కొత్తగా రికార్డు చేయాల్సిన పని లేదు. వెయ్యిన్నూరు ఎపిసోడ్లలో వెయ్యిన్నూరు కేకలు ఉన్నాయి, అన్నీ రత్నం నోటివే, మిషనువి కావు, ఏ చట్టమూ అడ్డురాదు. డేవిడ్ ఒక్కొక్కటే వినిపించాడు. మందు మొదలుకాకముందు, మొదటి ఏడాదిది ఒకటి రత్నం ఎంచుకుంది. ఇరవై ఏడేళ్ల తను, చిన్నపిల్లాడిలా నటిస్తూ, ఊపిరి చాలక చివర్న కొంచెం వణికిన కేక.

"జవాబు ఎవరో ఒకరు చెప్పాలి కదా" అన్నాడు డేవిడ్.

రత్నం గాజుగదిలోకి వెళ్లింది. కాగితం మీద మాటలేమీ లేవు. మేష్టారు రాయలేదు, ఆవిడా అడగలేదు. చెవుల్లో చిన్నప్పటి డిప్పన్న "అమ్మోవ్! వస్తన్నా!" అన్నాడు. రత్నం, అమ్మ తడిచేతులతో గుమ్మంలోకొచ్చి ఎలా అనేదో అలాగే అంది.

"ఏట్రా, ఇంతాలీసమా? రా, రా."

ఒక్కసారే పలికింది. డేవిడ్ రెండోసారి అడగలేదు.

*

ఏప్రిల్ ఆఖరి ఆదివారం పదిగంటలకి రత్నం వాళ్ల అపార్ట్‌మెంటు కింద సెల్లారులో పెద్ద తెర కట్టారు. వీధిలో పిల్లలంతా చాపల మీద. వెనకాల గోడవార తల్లులు మజ్జిగ గ్లాసులు నింపుతూ, పకోడీలు పంచుతూ, ఒక కన్ను తెర మీద వేసి ఉన్నారు. మేష్టారూ, మెహరున్నీసా ముందు వరసలో పిల్లల పక్కనే కూర్చున్నారు. రత్నం స్తంభం దగ్గర నిలబడింది.

చివరి ఎనిమిది నిమిషాల్లో ఒక్కరూ కదల్లేదు. డిప్పన్న ఒడ్డెక్కాడు. ఇసకంతా తాబేళ్లు. అల మీద కాదు, ఈసారి ఒక రాయి మీదకెక్కాడు.

"అమ్మోవ్! వస్తన్నా!"

తెర మీద వెయ్యి తలలు తిరిగాయి. సరిగ్గా అప్పుడే సెల్లారులో గోడవార ఉన్న తల్లులు, మజ్జిగ పోస్తున్నవాళ్లు, ఫోను చూసుకుంటున్నవాళ్లు, అందరూ తలలు తిప్పారు. ఒకావిడ గ్లాసు పొర్లిపోయింది. రత్నం తెర చూడ్డం మానేసి వాళ్లనే చూసింది.

సినిమా అయ్యాక ఒక ఆరేళ్ల పాప చేతిలో పకోడీతో ఆవిడ దగ్గరికొచ్చింది. "ఆంటీ, 'రా, రా' అంది కదా, ఆవిడ నిజంగా వాళ్లమ్మేనా?" అంది.

"నీకేమనిపించింది?"

పాప పకోడీ కొరికి, నమిలి, ఆలోచించింది. "కాదేమో. అయినా పర్లేదు. పిలిచింది కదా" అని ఆడుకోవడానికి పరుగెత్తింది. మెహరున్నీసా వింది. రత్నం చెయ్యి పట్టుకుని నొక్కి వదిలింది. ఇద్దరూ మజ్జిగ తాగారు.

*

సినిమా చూసినవాళ్లలో చేపల రేవులో రేడియో నడిపేవాళ్లు కూడా ఉన్నారు. వేటకి వెళ్లేవాళ్లకి సముద్రం సంగతి రోజూ రెండుపూటలా చెప్పే రేడియో అది. ఇన్నాళ్లూ మిషను చదివేది. అది ఎండనీ, తుఫాన్నీ ఒకే గొంతుతో చదువుతుంది కాబట్టి ఎవరూ చెవిన పెట్టడం మానేశారు. "మీరు చదివిపెడతారా?" అని అడిగితే రత్నం ఒప్పుకుంది.

జూన్‌లో వేట నిషేధం తీసేసిన రోజునే వాయుగుండం పట్టింది. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న బోట్లు, ఐసు నింపుకుని, డీజిలు పోసుకుని, ఇంకో గంటలో కదలబోతున్నాయి. పైన ఆకాశం చూస్తే తేటగా ఉంది. రత్నం ఉదయం ఆరింటికి మైకు ముందు కూర్చుని కాగితం చదివింది, పక్కన పెట్టింది, మామూలు మాటల్లో చెప్పింది.

"రేవులో ఉన్న అందరికీ చెబుతున్నాను. ఆకాశం చూసి మోసపోకండి. మధ్యాహ్నానికి సముద్రం పాడవుతుంది. ఇవాళ ఎవరూ వెళ్లొద్దు. తాళ్లు గట్టిగా కట్టుకుని ఇళ్లకి పొండి."

ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి ఫోను మోగింది. జగ్గారావు. వెనకాల మోటార్ల హోరు లేదు.

"ఒక్క బోటూ కదల్లేదు రత్నం" అన్నాడు. "ఐసంతా రేవులోనే కరుగుతోంది. ఎవరావిడ, అంత గట్టిగా చెప్పింది అని అడుగుతున్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? మా ఇంట్లో రోజూ ఇంతే అన్నాను." నవ్వాడు. "చేపల్లేవు మరి ఇవాళ. వంకాయలు తెస్తాను."

"లేతవి చూసి తెండి. కిందటిసారిలాగా పుచ్చువి తెచ్చారంటే ఊరుకోను."

"అలాగేనండి" అన్నాడు జగ్గారావు.

అన్నాక, పెళ్లాంతో అన్న ఆ 'అండి' తనకే వినబడి, గబుక్కున ఫోను పెట్టేశాడు.